పొద్దుటి బండి

"రేపట్నుంచి పొద్దుటి బండి ఉండదంటే ఏమిట్రా అర్థం?"

స్టేషన్ మాస్టరు తలెత్తేసరికి అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ప్లాట్‌ఫారం గోడకు అతికించిన నోటీసును అమాంతం పీకి చేత్తో పట్టుకొచ్చింది. తడారని జిగురు ఆమె వేళ్లకంతా అంటుకుంది.

"అది పీకకూడదక్కా. కంపెనీ ఆస్తి."

"కంపెనీ కాగితం పోతే ఇంకోటి అచ్చేయించుకుంటుంది. మీ బావ పోతే నేనేం చెయ్యను?"

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. ఇదివరకు బెంచీలుండే చోట ఇప్పుడు బిస్కెట్లమ్మే యంత్రం ఉంది. దాని పక్కనే సామాన్లు తోసే బండి మీద బావ కూర్చుని ఉన్నాడు. రోజు విడిచి రోజు పట్నం ఆస్పత్రిలో రక్తం శుభ్రం చేయించుకుంటే తప్ప బతకని మనిషి. సూదులు గుచ్చే చేతిని తువ్వాలుతో కప్పుకుని, సీసా మూతలో పోసుకున్న నీళ్లను చప్పరిస్తున్నాడు. దాహమేసినా అంతకు మించి తాగకూడదు.

"బస్సుంది కదక్కా."

"తెలిసే అంటున్నావా ఆ మాట?"

తెలుసు. మొన్న బండి రాని రోజున బస్సులో స్పృహ తప్పిన బావను చేతుల మీద దించి ఇంటికి చేర్చింది తనే.

"ఆ బండికి జనం చాలటం లేదట. నష్టమట," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"అమ్మేస్తేనే రైళ్లు బాగుపడతాయని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది నువ్వేగా. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయిరా అంటున్నా వినకుండా నాచేతా పెట్టించావు."

"అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. గవర్నమెంటుకి రైళ్లు నడపడం చేతకాదక్కా. అక్కడ మన గోడు ఎవడికి పట్టింది? అదే సొంతదారుడంటూ ఒకడుంటే, వెళ్లి కష్టం చెప్పుకోవచ్చు. ఇవాళ విదేశం నుంచి కంపెనీ పెద్దాయన వస్తున్నాడు. నేను మాట్లాడతాగా."

"అంత బిగించి కట్టిన టైలోంచి మాట బయటికొస్తుందా?"

"వాణ్ణేమీ అనకే," బయటి నుంచి బావ గొంతు వినిపించింది. "టై కట్టాక తల కిందికి వంగదు, పాపం. ఎంతసేపూ పై వాళ్ల కేసే చూడాలి."

"మీరు ఊరుకోండి," అంది అక్క. ఆమె నవ్వే స్థితిలో లేదు.

కాసేపటికి ఒకే పెట్టె ఉన్న రైలుబండి వచ్చి ఆగింది. పెద్దాయన దిగాడు. స్టేషన్ మాస్టరు ఊహించుకున్న ఆర్భాటమేమీ లేదు. నలిగిన చొక్కా, భుజాన గుడ్డ సంచీ. వెంట ఆయన మాటల్ని మన భాషలో చెప్పడానికి ఒక అమ్మాయి. వస్తూనే ఆయన బావను చూశాడు. తువ్వాలు కింద చెయ్యి చూసి ఏదో అర్థమైనట్టు వెళ్లి పక్కనే కూర్చున్నాడు.

స్టేషన్ మాస్టరుకు ప్రాణం లేచొచ్చింది. ఉన్నదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. అమ్మాయి చెప్పింది విని పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"చాలా బాధగా ఉందంటున్నారు. కానీ లాభం రాని బండిని ఇక్కడ నడిపే అధికారం ఆయనకు లేదట."

"మీ దేశంలోనూ ఇంతేనా?" అక్క ముందుకొచ్చింది. "జనం తక్కువైతే బండి ఆపేస్తారా? అడుగమ్మా."

ఆ ప్రశ్నకు పెద్దాయన మొహం వికసించింది. జేబులోంచి ఫోను తీసి ఒక ఫొటో చూపించాడు. చుట్టూ మంచు కొండలు, మధ్యలో బొమ్మలాంటి ఎర్ర బండి.

"ఇది వాళ్లమ్మగారి ఊరట. ఈ బండిలో ఒక్కోరోజు ఒక్క మనిషే ఎక్కుతాడట. అయినా ఆపరట. ఆ ఒక్కడూ ఆస్పత్రికి వెళ్లేవాడే కావచ్చు కదా అంటున్నారు."

బావ మూతలో మిగిలిన నీళ్లు తాగకుండానే పక్కన పెట్టేశాడు.

"మరి ఆ బండి నష్టం?" అంది అక్క.

అమ్మాయి అడిగింది. జవాబు విని చెప్పింది.

"ఇక్కడి రైళ్ల మీద వచ్చే లాభంతో పూడుస్తారట."

అక్క చేతిలోని నోటీసు నలిగి ఉండయింది. స్టేషన్ మాస్టరు మాత్రం నీళ్లలో మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు ఆ ఫొటోనే పట్టుకున్నాడు.

"చూశావా అక్కా. ఒక్క మనిషి కోసం బండి నడుపుతున్నాడంటే ఆ ఓనరు ఎంత మంచివాడో. మన గవర్నమెంటుకుందా అంత మనసు?" అమ్మాయి వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "ఆ ఓనరెవరో నాకొక్కసారి ఫోను కలపమనమ్మా. ఆయన కాళ్ల మీద పడతాను. మా బావా ఆ ఒక్క మనిషి లాంటివాడేనని చెప్పుకుంటాను."

పెద్దాయనకు ప్రశ్న అర్థం కాలేదు. రెండోసారి అడిగించుకున్నాడు. తర్వాత లేచి, స్టేషన్ మాస్టరు భుజం మీద చెయ్యి వేసి, నెమ్మదిగా ఏదో చెప్పాడు.

"ఓనరంటూ ఎవరూ లేరట సార్," అంది అమ్మాయి, అతని మొహంలోకి చూడకుండా. "ప్రైవేటు చేతికి పోతే ఇలాంటి బండ్లు ఆగిపోతాయని వాళ్ల దేశంలో రైళ్లను అమ్మనివ్వరట. మీ రైళ్లను కొన్నది వాళ్ల గవర్నమెంటట."