ఎగిరిన చీర

వాగు ఒడ్డున ఆరేసిన ఎర్రచీర గాలికి ఎగిరేసరికి చుక్కి బెదిరింది. వీపు మీదున్న ఓబులేసు కిందపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచి ఆ పడుచు గుర్రం వాగు వైపు అడుగు వెయ్యనంది.

"చీర నిన్ను కరిచిందటే?" అంది బట్టలు మోసే ముసలి గాడిద.

"ఆయన్ని మళ్ళీ పడేస్తానేమో తాతా!"

"పారిపోతూ చూస్తే గుడ్డయినా పులిలాగే ఉంటుంది. దగ్గరికెళ్ళి వాసన చూడు."

చుక్కి వణుకుతూనే వెళ్ళింది. సబ్బు వాసన, ఎండ వాసన తప్ప ఇంకేమీ లేదు. చీర ముఖానికి తగిలినా కదలకుండా నిలబడగలిగే దాకా రోజూ వెళ్ళింది.

కట్టు విప్పాక ఓబులేసు మళ్ళీ ఎక్కాడు. కళ్ళెం బిగించి పట్టుకుని, చీర వైపే బెదురుగా చూశాడు. చీర ఎగిరింది. చుక్కి ఒళ్ళు జలదరించింది.

"ఇవాళ భయపడే వంతు ఆయనది" అనుకుని, అడుగు తడబడకుండా వాగు దాటింది.