కిటికీ దగ్గర చెయ్యి

నంద్యాలలో బస్సెక్కేసరికి ప్రమీలకు కాళ్లు కాళ్లుగా లేవు.

బట్టల అంగట్లో పొద్దంతా నిలబడే పని. చీరలు విప్పి చూపడం, మళ్లీ మడిచిపెట్టడం. అమ్మగారింట్లో వదిలిన బిడ్డను చంకనేసుకుని వచ్చి ఆళ్లగడ్డ పల్లెవెలుగులో కూలబడింది.

మూడేళ్ల చందన కిటికీ అంచున చెయ్యి పెట్టి, చెయ్యి మీద తల వాల్చి, అట్లాగే నిద్రపోయింది.

ఇక ప్రమీల సంచిలోంచి నవల తీసింది. అంగట్లో తనతో పనిచేసే శ్రీవాణి ఇచ్చింది. పాడుబడ్డ బంగళా, కొత్త కోడలు, తాళం వేసిన మేడగది. ఆ గదిలో ఎవరో నడుస్తున్నారు.

పొద్దటినుంచి పడ్డ అలుపంతా పోయి ఆ బంగళాలో దాక్కుంది, పాపం.

వెనక సీటు ముసలాయన "తల్లీ" అని పిలిచాడు. తలెత్తకుండానే ఊఁ అంది. కాసేపటికి మళ్లీ ఏదో చెప్పాడు. దానికీ ఊఁ అనే అంది. కోడలు అప్పుడే మెట్లెక్కుతోంది మరి.

దారిలో సిరివెళ్ల వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు.

మేడగది తలుపు తెరుచుకుంది. తెర వెనకనుంచి ఒక చెయ్యి మెల్లగా కోడలి మెడ మీదికి...

ప్రమీల వణికి బిడ్డ వైపు చూసింది.

చందన తల పైన నిజంగానే ఒక చెయ్యి. ముడతలు పడి నరాలు తేలిన చెయ్యి, వెనక సీటులోంచి చాచి ఉంది.

బిడ్డను ఒళ్లోకి లాక్కుంది.

"ఏందప్పా ఆ చెయ్యి? నా బిడ్డ మెళ్లో ఏం కనపడె నీకు?"

బస్సంతా ఇటే తిరిగింది. దొంగ అన్నారొకరు. దింపేయమన్నారు ఇంకొకరు.

ముసలాయన ఏదో చెప్పబోయాడు. బిడ్డ తల్లి ఒళ్లో ఉండటం చూసి ఊరుకున్నాడు. తిమ్మిరెక్కిన చేతిని రెండో చేత్తో పిసుక్కుంటూ తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

బస్సు కదిలి గుంతలో ఎగిరిపడింది.

కిటికీ పైనున్న ఇనప షట్టర్ దభీమని జారి అంచు మీద పడింది. చందన తల పెట్టిన చోట చొంగ ఇంకా తడిగానే ఉంది.



ముసలాయన పక్కన కూర్చున్న ఉమామహేశ్వరమ్మ అనే ఆవిడ ముందుకు వంగింది.

"దానికి కొక్కెం ఊడిపోయిందమ్మా. కుదుపు కుదుపుకూ జారుతాంటే ఆయప్ప పట్టుకునె. నీకు రెండుసార్లు చెప్పె. ఊఁ అంటివి. నువ్వరిచిన అరుపుకు నాకు నోరు రాలేదు."

ప్రమీల వెనక్కి తిరిగి చూసింది. రోడ్డు మీద దుమ్ము తప్ప ఏమీ లేదు.

"ఆయప్పది ఏ ఊరక్కా?"

"సిరివెళ్ల. ఆడనే దిగాల్సినోడు, బిడ్డ లేసినాక దిగుతాలే అని కూచునె."