తెరిచి ఉన్న ఫైలు

"మళ్ళా ఎర్రగీతే వచ్చిందన్నా!" సెల్‌ఫోన్ చెవికి ఆనించుకుని, కంప్యూటర్ తెర చూస్తూ షాలిని దాదాపు ఏడ్చేసింది.

"స్వల్ప ఆగమ్మా, చూస్తాండా," అన్నాడు అవతలినుంచి విజయ్ కుమార్.

కంప్యూటర్లు బాగుచేసే మనిషి, షాలిని వాళ్ళ చర్చివాడే. ఆమె బతిమాలితే పొద్దున్నే సంగనకల్లు రోడ్డులోని లారీల యార్డుకు వెళ్ళి కూర్చున్నాడు. షాలిని పనిచేసే గాంధీనగర్ ఆఫీసు కంప్యూటర్లో ఉన్నదంతా రోజూ భోజనం వేళ నెట్‌వర్క్ మీద యార్డు కంప్యూటర్లోకి కాపీ కావాలి. ఆ వేళైతే లారీల తూకం ఆగుతుంది, లైను ఖాళీగా ఉంటుంది. కానీ ఆ కాపీ చేసే సాఫ్ట్‌వేర్ పెట్టినప్పటి నుంచీ ఆదివారాలు తప్ప ఒక్కరోజూ కాపీ సజావుగా పడలేదు.

"ఆదివారం దేవుడు చూసుకుంటాండాడు. తక్కిన రోజులు మనమే చూసుకోవల్ల," అని పొద్దున విజయ్ వేళాకోళమాడాడు. షాలినికి నవ్వు రాలేదు.

ఎలా వస్తుంది? నిన్న ఓనరు జగదీశప్ప అందరి ముందూ అరిచాడు. "ఆ కంప్యూటర్లో ఉండేది పోతే మళ్ళా యాడనుంచి తెస్తావమ్మా? రేపు కాపీ పడకుంటే నువ్వు పనికి రావాకు!"

ఇనుపరాయి బంగారమైన రోజులవి. జగదీశప్పకు తూకాల లెక్కలమీదే ప్రాణమని ఆఫీసంతా చెప్పుకునేది. భార్య రజని పోయి ఏడాదైంది. గోడమీది ఆమె ఫొటోకు దండ మార్చే తీరిక కూడా ఆయనకు లేదు. మధ్యాహ్నం ఇంటికి పోవడం మానేసి, క్యారియర్ తెప్పించుకుని, క్యాబిన్ తలుపేసుకుని ఒక్కడే తింటాడు. గనుల పిచ్చి తలకెక్కితే ఇంతే అనుకునేది షాలిని. ఆ ఎర్రదుమ్ము మింగీ మింగీ ఆమె నాన్న జీవానందం ఊపిరాడక లారీ దిగేశాడు. ఇప్పుడు ఇంటికి ఆమె ఉద్యోగమే దిక్కు.

"దొరికింది!" అన్నాడు విజయ్. "ఎవరో ఒక ఫైలు తెరిచి పెట్టుకున్నారు. తెరిచిన ఫైలు ఎదురైతే ఈ సాఫ్ట్‌వేర్ మొండికేస్తాది. ఆడనే ఆగిపోయి మిగతాదంతా వదిలేస్తాది."

"తెరిచింది ఎవరన్నా?"

"యాడ తెలుస్తాది? ఆఫీసంతా ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టుకుంటిరి. ఫైలు పేరు మాత్రం 'కాటా మైకు' అని ఉండాది."

షాలినికి గుర్తొచ్చింది. "అది పాతదన్నా. తూకానికి కాటా మీదికొచ్చే లారీ డ్రైవర్లకు మైకులో చెప్పే రికార్డింగంట. ఎవరో ఆడామె గొంతు. నేను చేరేటప్పటికే దాన్ని మానేసి రంగు లైట్లు పెట్టినారు. ఇప్పుడు దాంతో ఎవరికేం పని?"

"అయితే బలవంతంగా మూసి డిలీట్ చేసేస్తా. కాపీ పడతాది, నీ పని నిలుస్తాది. సరేనా?"

సరే అనబోయి ఆగింది. ఎంతైనా ఓనరు సొత్తు, ఒక మాట అడగడం మేలు. "లైన్లోనే ఉండన్నా," అని భయంభయంగా క్యాబిన్ దగ్గరికి నడిచింది.

తలుపు తట్టబోతే లోపల స్పీకర్లో ఒక ఆడగొంతు గరగరమంది. "నిదానంగా రాప్పా... ఆ, చాలు, నిలుపు."

షాలిని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ కాపీని ఆపుతున్న దొంగ ఇక్కడున్నాడన్నమాట! ఒళ్ళు మండింది.

"ఏమ్మా, డిలీట్ చేసేదా?" ఫోన్లో విజయ్.

"చెయ్యాకన్నా!" గుసగుసగా అంది. "తెరిచింది ఓనరే. ఆయన ఫైలు జోలికి మనమెందుకు? కాపీని సాయంత్రం తూకాలు అయిపోయినాక పడేట్టు మార్చు, చాలు."

"అంతేనా! మార్చేస్తా పో."

ఉద్యోగం నిలిచింది. హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగింది. లోపల రికార్డింగు ఇంకా నడుస్తోంది.

"కాగితం తీసుకోప్పా. యాళకు అన్నం తిన్నావా, లేదా?"

క్యారియర్ గిన్నె చప్పుడైంది. నిన్న అంతలా అరిచిన గొంతు, ఇప్పుడు మెల్లగా బదులిచ్చింది.

"తింటాండా, రజనీ."