పెట్టెలో లేని మోత

జోడ్‌భావి పేట్‌లో మార్కండేయ భజన మండలి మైకు పొద్దున్నుంచి ఒకటే గుయ్యిమంటోంది.

ఆ రోజు నూలు పున్నమ, సాలెల జంధ్యాల పండుగ. సాయంత్రం మగ్గాలన్నీ ఆపి, మరాఠీ ఊళ్లోని ఆ తెలుగు పేటంతా భజనకు వస్తుంది.

మండలిలో పాడే పెంటప్ప మైకు పెట్టెను అటూ ఇటూ తట్టి చూశాడు. మోత తగ్గలేదు. బూరలోంచి కందిరీగల తుట్టె లేచినట్టే ఉంది.

"తడితె పోదు అది," అన్నారెవరో వెనక నుంచి.

గొంతులా లేదు, గుసగుసలా ఉంది.

పెంటప్ప ఉలిక్కిపడి తిరిగాడు. యాభై దాటిన మనిషి. మాసిన కోటు. అంత ఉక్కపోతలోనూ మెడకు మఫ్లరు.

"కోణ్ పాహిజే? ఎవరు గావాలె?"

"ఎవరు వద్దు. స్టేషన్ నుంచి వస్తున్న. మోత ఇనవడితె ఆగిన."

మాట తెలుగే. అదీ కరీంనగర్ వైపు తెలుగు. అయినా పెంటప్ప అనుమానం పోలేదు. మనవాడైతే ఆ గుసగుస దేనికి?

అవి యుద్ధం రోజులు. మైకు పెట్టాలంటే పోలీసుల పర్మిషన్ కావాలి. భజన తప్ప మరొక మాట వినబడకూడదని షరతు. పోయిన నెల భవాని పేట్‌లో ఎవడో కొత్తవాడు మైకు అందుకుని, ఇంగ్లీషోళ్లు పోవాలని రెండు మాటలు అన్నాడు. మర్నాటికి వాడు పత్తా లేడు. మండలి పెద్దమనిషి మాత్రం జైల్లో ఉన్నాడు.

ఇక్కడ పూచీ పడ్డది పెంటప్ప.

"నీకొస్తదా ఈ పని?"

"జరంత."

"ఏడ నేర్చినవ్?"

"బొంబాయిల. టాకీసుల ఉంట. బొమ్మల మాటలు అందరికి ఇనవడేటట్టు జూసుడే నా పని."

"సరె, చూడు. నేనీడనే ఉంట."

ఆ మనిషి పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. మైకు గుండీని పూర్తిగా తగ్గించాడు. మోత ఆగింది. పెంచాడు. మళ్లీ మొదలైంది.

"పెట్టెల లేదు మోత. బయటినుంచి లోపటికి వస్తున్నది."

బయటినుంచి వచ్చింది నువ్వే, అనుకున్నాడు పెంటప్ప.

ఆ మనిషి మైకు తీగను చేత్తో పట్టుకుని దాని వెంటే నడిచాడు. స్తంభం దగ్గర అది దీపం తీగతో మెలిక పడి ఉంది. రెంటినీ విడదీసి, మైకు తీగను దూరంగా పరిచాడు. గుయ్యిమనడం పోయింది. చిటపటలు మిగిలాయి.

అరుగు మీద నూలు చుట్టే ఖాళీ కండె ఒకటి తీసుకుని, ఎర్రగా వెలుగుతున్న వాల్వులను ఒక్కొక్కటే మెల్లగా తట్టాడు. ఒకదాన్ని తట్టగానే బూర ఫట్టుమంది.

స్విచ్ ఆపాడు. వాల్వు ముట్టుకుంటే చెయ్యి కాలేలా ఉంది. మఫ్లరు విప్పి, దాన్ని చేతికి చుట్టుకుని బయటికి లాగాడు.

అప్పుడు పెంటప్ప కంటబడింది, గొంతుకు అడ్డంగా కోత మచ్చ.

కత్తి దెబ్బ. వీడు మామూలు మనిషి కాదు.

ఆ మనిషి వాల్వు కాళ్ల మసి తుడిచి, మళ్లీ గుచ్చి, స్విచ్ వేశాడు. వాల్వులు వెలిగాయి. ఈసారి బూర కిమ్మనలేదు. పక్క గల్లీలో ఎవరిదో మగ్గం ఆడుతున్న చప్పుడు వినబడింది.

"ఒకపారి నేను మైకుల అని చూస్త," అన్నాడతను. "నా అసొంటి గొంతు గూడ ఇనవడుతదా అని."

అప్పటికే చెయ్యి మైకు మీదికి పోయింది.

పెంటప్ప చటుక్కున స్విచ్ ఆపేశాడు.

"వద్దు."

"రెండు మాటలే, అన్నా."

"రెండు మాటలకే భవాని పేట్ల ఒకాయన జేలుకు వోయిండు. మోత తీసినవ్, మంచిది. చాయ్ తాగి నీ తొవ్వన నువ్వు వో."

అతను మైకు వంక కాసేపు చూసి, మఫ్లరు చుట్టుకున్నాడు. చాయ్ తాగలేదు.

అతను స్టేషన్ వైపు మలుపు తిరిగేదాకా పెంటప్ప వెంట నడిచాడు. వెనక్కి వచ్చి, పెట్టెలో వాల్వులన్నీ ఉన్నాయో లేవో చూసుకున్నాడు. ఉన్నాయి.

సాయంత్రం భజన బ్రహ్మాండంగా సాగింది. పెంటప్ప గొంతు పేట చివరి దాకా వినబడింది. ఆఖరి పాట ఆఖరి చరణంలో, పాట కట్టినవాడి పేరు వస్తుంది. ఆ 'సిద్ధరాములు'ను ఎప్పటిలాగే రెండుసార్లు సాగదీసి పాడాడు.

ప్రసాదం పంచుతుంటే ముసలి గంగుబాయి దగ్గరికి వచ్చింది. పేటలో అందరికన్నా పాత మనిషి.

"మోత మంచిగ వోయింది, బిడ్డా. ఎవరు తీసిండ్రు?"

"ఎవడో కొత్తోడు, అవ్వా. బొంబాయి టాకీసుల ఉంటడట. గొంతు మీద ఇంత కత్తిగాటు. మాట పెకలదు గని, మైకు ఇయ్యమన్నడు. నేనియ్యలె."

గంగుబాయి చాచిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఏడున్నడు ఇప్పుడు?"

"పగటి బండికే వొయ్యుంటడు. నీకు ఎర్కనా?"

"అది కత్తిగాటు గాదు. గడ్డ లేస్తె దవాఖానల కోసిండ్రు. గడ్డతోని గొంతు గూడ వోయింది. మల్ల ఈ పేట మొకం చూడలె."

పెంటప్ప చేతిలోని ప్రసాదం పళ్లెం కింద పెట్టాడు.

"ఎవరవ్వా ఆయన?"

"నువ్వప్పటికి ఈడికి రాలె. ఈ మైకులు లేవు. ఈ అరుగు మీద ఆయనొక్కడు పాడితె నాలుగు గల్లీలల్ల మగ్గాలు ఆగేటివి."

ఆమె అరుగు వైపు తిరిగి అంది.

"ఇందాక పాట ఆఖరుకు నువ్వు సాగదీసి పాడినవ్ సూడు, ఆ పేరు ఆయనదే."