పొడి బ్రష్షు

“నా ఊపిరి తీస్తున్నది నువ్వే నాన్నా. నువ్వూ, నీ బొద్దింకలూ.”

పని నుంచి వచ్చి, చెప్పులు విప్పే ఓపిక కూడా లేక, తుమ్ముల మధ్యే అనేసింది కూతురు. ల్యాబులో అటెండరుగా చేసి రిటైరైన తండ్రి బొద్దింకల డబ్బాను పొడి బ్రష్షుతో దులుపుతున్నాడు. ల్యాబులో బొద్దింకల గది మూసేసిన రోజు ఇంటికి తెచ్చుకున్నవి అవి. వాటి పెంటా, విడిచిన పొరలూ పొడై గదంతా లేస్తున్నాయి.

“వేణ్ణీళ్లు పోసి చంపెయ్యమన్నారు తల్లీ. ముప్పై ఏళ్లు మేపిన చేత్తో ఎలా పొయ్యను?”

“మరి నా సంగతో?”

“తుమ్ములకెవరూ చావరులే” అంటూనే దగ్గాడు. దగ్గు ఆగలేదు. గోడ పట్టుకుని, దాచుకున్న ఇన్‌హేలర్ జేబులోంచి తీసి పీల్చాడు.

కూతురు అతని చొక్కా చేతులు పైకి లాగింది. మోచేతుల దాకా దద్దుర్లు.

“ఎప్పట్నుంచి?”

“ఉద్యోగంలో చేరిన నాలుగో ఏటి నుంచి. అప్పటి ల్యాబు పెద్దసారుని మాస్కు అడిగాను. అదే అలవాటవుతుందిలే పో అన్నాడు.”

“అయిందా?”

“నోరు మూసుకోవడం అలవాటైంది.”

ఇన్నాళ్లూ తప్పు మనిషి మీద అరిచానని ఆమెకప్పుడు తట్టింది. అతని చేతిలోంచి బ్రష్షు లాక్కుంది.

“ఇది చెత్తబుట్టలోకి. డబ్బా బాల్కనీలోకి. ఇకనుంచి మాస్కు కట్టుకుని తడిగుడ్డతో నేను తుడుస్తా. నువ్వు కాగితం తియ్యి. మీ ల్యాబులో ఎలుకల గది ఇంకా ఉందిగా, ఇలాంటి దుమ్మే పీలుస్తూ అది ఊడ్చేవాళ్లకి మాస్కులు ఇచ్చి తీరాలని ఇప్పుడున్న పెద్దసారుకి రాయి. రేపు కాదు నాన్నా, ఇప్పుడే.”