నాలుగు గంటల మత్తు

మా బావ జంతువుల డాక్టరు, లెక్కల్లో దిట్ట. తన పెళ్లికే ఆలస్యంగా వచ్చాడనుకోండి, అది వేరే కథ.

పటం మీద రెండు విమానాశ్రయాల మధ్య స్కేలు పెట్టి కొలిచి, వేరే ఊరి జూకి పంపాల్సిన పులికి నాలుగు గంటల మత్తిచ్చాడు. నిద్రపోయేదానికి ఇనప బోను దండగని చెక్కపెట్టెలో పడుకోబెట్టి, సరుకుల విమానం ఎక్కించాడు. సాయానికి నన్నూ ఎక్కించాడు.

"ఇంకో డోసు తెచ్చావా బావా?"

"ఎందుకురా? నాది నీ లెక్కా, తప్పడానికి?"

నాలుగు గంటలు కావస్తుండగా పైలట్ తొంగిచూశాడు. "విమానాలు సూటిగా పోతాయా డాక్టరుగారూ? చుట్టు దారి. ఇంకా రెండు గంటలుంది." తలుపేసుకున్నాడు.

పెట్టె పక్కన మేమిద్దరమే మిగిలాం.

"ఏంట్రా ఆవలిస్తున్నావు, నిద్రొస్తోందా?" అన్నాడు బావ, కాసేపటికి.

నేను ఆవలించలేదు.