అరంగుళం

రాత్రి పని ముగిసింది. ట్రక్కు ముందు భాగం వెనకతో సమంగా లేవాలని స్ప్రింగుల మీద బిళ్లలు బిగించి, మెకానిక్ టేపు పెట్టి చూశాడు. డ్రైవరు వైపు అరంగుళం తక్కువ. బరువైన మనిషి కూర్చుంటే దిగేంత. సీటు చూస్తే ఖాళీ.

వెంటనే బావకి ఫోన్ చేశాడు.

"బావా, వచ్చి షెడ్డు షట్టరు తాళం తీయవా?"

"పని మధ్యలో టీ వంకతో జారుకుంటానని నువ్వేగా బయట తాళం వేయించుకున్నావు! పొద్దున్నే వస్తాలే."

ఇక చేసేది లేక, బోల్టు వదులైందేమో చూద్దామని వెల్లకిలా బండి కిందకు దూరాడు. స్ప్రింగు కిర్రుమంది. అతని ముఖానికి పైనున్న ఇనుము మెల్లగా అరంగుళం పైకి లేచింది. బండి తేలికపడింది.

సీట్లోంచి దిగిన మనిషి పాదాలు మాత్రం నేల మీద ఎక్కడా లేవు.